జత తప్పిన మేజోడు

బడికి వెళ్ళే పిల్లలున్న ఏ ఇంటిలోనైనా వెదకి చూడండి, జత తప్పిన మేజోడు ఒకటైనా దొరుకుతుంది. రెండవది దండెం మీదనుండి గాలికి ఎగిరిపోయిందో, కుక్కపిల్ల ఎత్తుకుపోయిందో, వాగు దాటేటప్పుడు విప్పి గట్టున మరచిపోయారో ఎవరూ చెప్పలేరు. మిగిలిన ఒక్కదానిని పారవేయటానికి తల్లికి మనసొప్పదు. తొడుగుకోవటానికి అది పనికి రాదు. పెట్టె అడుగున అలా పడి ఉంటుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో పిల్లలకు బూట్లతో పాటు రెండేసి జతల మేజోళ్ళు ఇవ్వటం మొదలుపెట్టిన తరువాత, ఒంటి మేజోళ్ళు పల్లెల్లో కూడా వింత కాకుండా పోయాయి.

ఆ ఒంటి మేజోడుతో పిల్లల చేత మాట్లాడే బొమ్మను ఎలా చేయించాలో ఈ నెల చెప్పాలని మా ఆశ. దీనికి బజారుకు వెళ్ళి కొనవలసినది దాదాపు ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం చాలు. మేము కొన్ని సంవత్సరాలుగా ఆదివారపు బడిలోను, వేసవి సెలవుల బైబిలు బడిలోను, మా ఇంటి వసారాలోను ఈ బొమ్మలు చేయిస్తున్నాము. బొమ్మ చేయటం చిన్న పనే. అయితే అది పిల్లవాని చేతికి ఎక్కిన తరువాత జరిగే సంగతులు కొన్ని చిన్నవి కావు. వాటిని గురించి కూడా చివరలో చెబుతాము. తల్లిదండ్రులు ఆ భాగాన్ని దాటవేయకుండా చదవాలని మనవి.

బొమ్మలాట మనకు క్రొత్త కాదు

మన తాతలు రాత్రంతా మేలుకొని తోలుబొమ్మలాట చూసినవారే. మేక తోలును పలుచగా గీకి, ఆరబెట్టి, కత్తిరించి, రంగులు వేసి, తెల్లని తెర వెనుక దీపపు వెలుగులో ఆడించే ఆ కళ నేటికీ శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో బ్రతికి ఉన్నది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. ఆ ఆటలో పెద్ద కథల మధ్య కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వులు పూయించేవారు. ఊరిలో ఎవరూ పైకి అనలేని మాటను కేతిగాడు అనేవాడు. అన్నది బొమ్మ కాబట్టి ఎవరూ నొచ్చుకొనేవారు కాదు, అందరూ నవ్వేవారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మనకు పనికి వస్తుంది.

చేతికి తొడిగి ఆడించే బొమ్మలు మన దేశంలో వేరే చోట్ల కూడా ఉన్నాయి. కేరళలోని పావకథకళి అటువంటిదే. మేజోడుతో చేసిన బొమ్మలలో లోకమంతా ఎరిగినది అమెరికాలో షారీ లూయిస్ అనే ఆమె 1950లలో టెలివిజనులో ఆడించిన గొర్రెపిల్ల. దాని పేరు లాంబ్ చాప్. షారీ లూయిస్ 1998లో చనిపోయారు. ఆ తరువాత ఆమె కుమార్తె ఆ గొర్రెపిల్లను చేతికి తొడుగుకొని ప్రదర్శనలు ఇవ్వసాగింది. ఒక మేజోడు తల్లి చేతి నుండి కూతురి చేతికి వచ్చిందన్నమాట.

బడిలో పాఠాలు చెప్పటానికి బొమ్మలు ఎంతో సహాయమని పెద్దలు ఎప్పుడో గ్రహించారు. 1979లో ఢిల్లీలో ఏర్పడిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం ఉపాధ్యాయులకు నేర్పే విషయాలలో బొమ్మలాట కూడా ఉన్నది.

కావలసిన వస్తువులు

మేజోడు: నూలుది అయితే మంచిది. నైలానుది చేతిమీద జారుతుంది, కత్తిరించిన చోట పోగులు ఊడి వస్తాయి. పెద్దవారి చేతికి పెద్దవారి మేజోడు, అయిదారేళ్ళ పిల్లల చేతికి పిల్లల మేజోడు తీసుకోండి. చిరుగు ఉన్నా పరవాలేదు, అక్కడ ఒక మచ్చనో చెవినో కుట్టవచ్చును. ముందుగా శుభ్రంగా ఉతికి ఎండలో ఆరవేయండి.

నోటికి: పెండ్లి శుభలేఖ అట్టగాని, నోటు పుస్తకపు అట్టగాని ఒక ముక్క. దానిపైన అంటించటానికి ఎర్రని గుడ్డ పేలిక.

కండ్లకు: చొక్కా గుండీలు. తెల్ల గుండీ మీద చిన్న నల్ల గుండీ పెట్టి కుడితే చూపు చక్కగా వస్తుంది.

జుట్టుకు: ఊలు దారం, కొబ్బరి పీచు, గోనె సంచి పురికొస, మొక్కజొన్న కండె పీచు, వీటిలో ఏది దొరికితే అది.

చెవులకు, నాలుకకు, బట్టలకు: దర్జీ దగ్గర క్రింద రాలిన కత్తిరింపు ముక్కలు. అడిగితే ఒక సంచి నిండా ఇస్తారు.

ఇవి కాక సూది, దారం, కత్తెర, బంక. బంక లేకపోతే మైదాపిండి ఉడికించిన జిగురు అట్టకు చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పల్లెల్లో గురువింద గింజలు ఎర్రగా, నల్ల మచ్చతో చాలా అందంగా ఉంటాయి. బొమ్మ కండ్లకు బాగుంటాయని పిల్లలు ఏరుకొస్తారు. వాటిని ఎట్టి పరిస్థితిలోను వాడవద్దు. ఆ గింజ లోపల ప్రాణం తీసేంత విషం ఉన్నది. నమిలినా, సూదితో గ్రుచ్చిన గింజ నోటిలోకి పోయినా ప్రమాదమే. అలాగే మూడేళ్ళలోపు పసివారున్న ఇంటిలో గుండీలు, పూసలు కూడా వద్దు. వారు పీకి నోటిలోనో ముక్కులోనో పెట్టుకుంటారు. అటువంటి ఇంటిలో నల్ల దారంతో కండ్లు కుట్టివేయండి.

చేసే విధానం

మొదట చాలా సులువైన పద్ధతి చెబుతాము. ఇందులో కత్తెరతో పని లేదు. మేజోడును చేతికి తొడగండి. నాలుగు వ్రేళ్ళు మేజోడు కొనలోకి, బొటనవ్రేలు మడమ భాగంలోకి వెళ్ళాలి. రెంటికీ మధ్య వదులుగా ఉన్న గుడ్డను రెండవ చేతితో లోపలికి నొక్కండి. నోరు వచ్చేసింది. వ్రేళ్ళు పై దవడ, బొటనవ్రేలు క్రింది దవడ. ఆ మడత జారిపోకుండా రెండు ప్రక్కల నాలుగేసి కుట్లు వేస్తే చాలు. అయిదేళ్ళ పిల్ల కూడా ఇంతవరకు చేసుకోగలదు, కుట్లు మాత్రం అమ్మ వేయాలి.

రెండవ పద్ధతిలో నోరు ఇంకా స్పష్టంగా తెరుచుకుంటుంది. ఇది ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు.

ముందుగా మేజోడును మడమ పైకి ఉండేటట్లు బల్లమీద చదునుగా పరచండి. కొన దగ్గర అడ్డంగా కత్తిరించి, రెండు ప్రక్కల అంచుల వెంబడి రెండేసి అంగుళాలు లోపలికి కత్తిరించండి. ఇప్పుడు పైన ఒక పెదవి, క్రింద ఒక పెదవి వచ్చాయి.

తరువాత అట్టను నాలుగు అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పుతో కోడిగ్రుడ్డు ఆకారంలో కత్తిరించండి. దాని ఒక వైపు ఎర్ర గుడ్డ అంటించి, సరిగా ఆరనిచ్చి, ఎర్ర వైపు లోపలికి వచ్చేటట్లు మధ్యకు మడవండి. మేజోడు చిన్నదైతే ఈ కొలతలు కొంచెం తగ్గించుకోండి.

మేజోడును తిరగవేయండి. పై పెదవి అంచుకు అట్ట పై సగాన్ని, క్రింది పెదవి అంచుకు క్రింది సగాన్ని చేర్చి, ఎర్ర వైపు మేజోడు మంచి వైపుకు ఆనేటట్లు పెట్టి చుట్టూ కుట్టండి. అట్ట గట్టిదైతే సూది దిగదు. అప్పుడు గుడ్డను అట్టకంటె ఒక పావు అంగుళం పెద్దదిగా కత్తిరించుకొని, ఆ గుడ్డ అంచుకే కుట్టవచ్చును. మూలల దగ్గర, అంటే నోటి చివరల, రెండు కుట్లు ఎక్కువ వేయండి. చిరిగితే అక్కడే చిరుగుతుంది. ఇప్పుడు మంచి వైపుకు తిప్పి చేయి పెట్టి చూడండి.

కండ్లు కుట్టేటప్పుడు తొందరపడవద్దు. మేజోడును చేతికి తొడిగి, బొగ్గుతోనో సుద్దముక్కతోనో గుర్తు పెట్టుకొని, అద్దం ముందు నిలబడి చూసుకొని, అప్పుడు తీసి కుట్టండి. కండ్లు రెండూ దగ్గరగా, నోటికి కొంచెం పైన ఉంటే బొమ్మ మనలను చూస్తున్నట్లు ఉంటుంది. దూరందూరంగా పెడితే చేపలాగా ఉంటుంది. చేపనే చేయదలచుకుంటే మరీ మంచిది.

ఇక జుట్టు, చెవులు, కొమ్ములు, మీసాలు పిల్లల ఇష్టానికి వదిలివేయండి. ఒక పిల్లవాడు గేదెకు మూడు కొమ్ములు పెడతాడు. ఒక అమ్మాయి కోడికి జడ వేస్తుంది. దిద్దబోకండి. పెద్దలు దిద్దిన బొమ్మ పెద్దలది అయిపోతుంది, పిల్లలు దానిని మళ్ళీ ముట్టుకోరు.

చేసిన బొమ్మను నేలమీద వదిలివేస్తే ఎలుకలు కొరుకుతాయి. ఒక గుడ్డ సంచిలో నాలుగు ఎండిన వేపాకులు వేసి, బొమ్మలను అందులో పెట్టి చిలకకొయ్యకు తగిలించండి.

బొమ్మ చేత మాట్లాడించటం

కుట్టటం అయిపోగానే పిల్లలు నోటిని టకటక ఆడిస్తూ అరవటం మొదలుపెడతారు. కొంచెంసేపు అరవనివ్వండి. తరువాత ఈ నాలుగు సంగతులు నేర్పండి.

మొదటిది, నోరు తెరవటం. క్రొత్తవారు మాట వచ్చేటప్పుడు నోరు మూస్తారు. బొమ్మ మాటలను కొరుకుతున్నట్లు ఉంటుంది. ఒక్కొక్క అక్షరానికి నోరు ఒక్కసారి తెరవాలి. 'అమ్మా' అంటే రెండుసార్లు. 'పుస్తకం' అంటే మూడుసార్లు. 'కొబ్బరికాయ' అంటే అయిదుసార్లు. మన తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఇది మనకు తొందరగా పట్టుబడుతుంది. పిల్లల చేత తమ పేర్లను, ఊరి పేరును బొమ్మతో పలికించండి. తెలియకుండానే వారికి మాటను విడగొట్టి పలకటం వస్తుంది. ఒకటవ తరగతి పిల్లలకు ఇది చదువులో కూడా సహాయపడటం మేము చూశాము.

రెండవది, దవడ. మాట్లాడేటప్పుడు నాలుగు వ్రేళ్ళను పైకి లేపకూడదు, బొటనవ్రేలిని క్రిందికి దించాలి. మనం మాట్లాడేటప్పుడు కూడా కదిలేది క్రింది దవడే కదా. వ్రేళ్ళు పైకి లేస్తే బొమ్మ ఆకాశం చూస్తుంది.

మూడవది, చూపు. మణికట్టును కొంచెం ముందుకు వంచి ఉంచితే బొమ్మ ఎదుటివారి ముఖంలోకి చూస్తుంది. ఇద్దరు బొమ్మలు మాట్లాడుకునేటప్పుడు మాట్లాడే బొమ్మ కదలాలి, వినే బొమ్మ దానివైపు తిరిగి ఊరుకోవాలి. ఈ ఒక్క నియమం నేర్పితే చాలు, ఎదుటివారు మాట్లాడేటప్పుడు ఆగి వినటం పిల్లలకు అలవడుతుంది.

నాలుగవది, గొంతు. ఎద్దుకు లావు గొంతు, ఎలుకకు సన్న గొంతు. గొంతు పగిలేటట్లు అరవనక్కరలేదు. గట్టిగా గొణిగినా బొమ్మ బాగా కదిలితే చూసేవారికి అర్థమవుతుంది.

మంచమే రంగస్థలం

తెర కావాలంటే నులక మంచాన్ని ప్రక్కకు నిలబెట్టి పైనుండి దుప్పటి కప్పండి. పిల్లలు వెనుక మోకాళ్ళ మీద కూర్చొని చేతులు పైకి ఎత్తి ఆడిస్తారు. గుమ్మానికి అడ్డంగా అమ్మ పాత చీర కట్టినా సరిపోతుంది. చేయి ఎత్తి పట్టుకోవటం కష్టమైన పని కాబట్టి ఆట అయిదు నిమిషాలకు మించకుండా చూడండి.

కథ వ్రాసి కంఠస్థం చేయించవద్దు. పిల్లలు మాట మరచిపోయి ఏడుస్తారు. ఎవరెవరు ఉన్నారు, ఏమి జరిగింది, ఎక్కడ ఆగాలి అన్నది చెప్పి మాటలు వారికే వదలండి. మచ్చుకు మేము ఆడించే ఒక చిన్న ఆట ఇక్కడ ఇస్తున్నాము. ఒకరు మేకపిల్ల, ఒకరు ఎద్దు తాత.

మేకపిల్ల: తాతా, నీతో ఒక మాట చెప్పాలి. కోప్పడవు కదా?

ఎద్దు తాత: ముందు చెప్పరా. కోపం సంగతి తరువాత చూద్దాం.

మేకపిల్ల: అయితే చెప్పను.

ఎద్దు తాత: సరే, కోప్పడను. ఇదిగో, కొమ్ములు దించాను. చెప్పు.

మేకపిల్ల: మన పెరట్లో ఆనపపాదు ఉంది కదా...

ఎద్దు తాత: ఉంది.

మేకపిల్ల: ఇప్పుడు లేదు.

ఎద్దు తాత: లేదా! ఏమయింది?

మేకపిల్ల: ఒక ఆకు తిన్నాను. బాగుంది. ఇంకొకటి తిన్నాను. తరువాత చూస్తే ఆకులు అయిపోయాయి.

ఎద్దు తాత: అమ్మకు చెప్పావా?

మేకపిల్ల: కోడి తిన్నదని చెప్పాను.

ఎద్దు తాత: మరి కోడి ఏమన్నది?

మేకపిల్ల: ఏమీ అనలేదు. గంప క్రింద పెట్టేశారు. లోపల ఏడుస్తూ ఉంది.

ఇక్కడ ఆట ఆపివేయండి. చూస్తున్న పిల్లలను అడగండి: ఇప్పుడు మేకపిల్ల ఏమి చేయాలి? అబద్ధమాడవద్దని ఉపన్యాసం చెప్పకండి, ఊరుకోండి. జవాబులు వాటంతట అవే వస్తాయి. ఒక పిల్ల అమ్మకు నిజం చెప్పాలంటుంది. ఒకడు అమ్మ కొడుతుంది కాబట్టి తాతే చెప్పాలంటాడు. మా ఆదివారపు బడిలో ఏడేళ్ళ పిల్లవాడొకడు, "ముందు గంప ఎత్తాలి, చెప్పటం తరువాత" అన్నాడు. ఆ రోజు మేము అనుకొన్న పాఠంకంటె ఆ మాట పెద్దది.

ఆదివారపు బడిలో వాడేవారికి ఒక సలహా. యేసు ప్రభువు పాత్రను మేజోడు బొమ్మతో చేయించకండి. పిల్లలు నవ్వుతారు, పెద్దలు నొచ్చుకుంటారు. కథను దగ్గరనుండి చూసినవారి చేత చెప్పించండి. యోనా కథను చేప చెప్పవచ్చును. అయిదు రొట్టెలు, రెండు చేపల సంగతిని ఆ రొట్టెలు తెచ్చిన చిన్నవాడు చెప్పవచ్చును. తప్పిపోయిన గొర్రె కథను మందలో మిగిలిన తొంబది తొమ్మిదింటిలో ఒకటి చెబితే ఎలా ఉంటుందో చేయించి చూడండి. "మమ్మలను వదిలి దానికోసం ఎందుకు వెళ్ళాడు?" అని ఆ గొర్రె అడిగినప్పుడు పిల్లలు చెప్పే జవాబులు వినండి.

బొమ్మ నోట పిల్లల మాట

మేము ముందు చెప్పవలెననుకొన్న అసలు సంగతికి ఇప్పుడు వచ్చాము.

మా దగ్గరకు వచ్చే పిల్లలలో ఒకడు రెండు సంవత్సరాలు నోరు విప్పలేదు. మాట్లాడితే నత్తి వస్తుంది, ప్రక్కవారు నవ్వుతారు. అందుకని ప్రశ్న అడిగితే తల వంచుకొనేవాడు. బొమ్మలు చేసిన రోజున వాడు ఒక కప్పను చేశాడు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయిన తరువాత కప్ప చేత మా కుక్కతో మాట్లాడిస్తూ ఉన్నాడు. నత్తి పూర్తిగా పోలేదు, కాని మాట ఆగలేదు. కొందరు నత్తి పిల్లలకు పాత్రలో ఉన్నప్పుడు మాట తేలికగా వస్తుంది. బొమ్మ మాట్లాడుతుంటే చూసేవారి కండ్లు బొమ్మమీద ఉంటాయి, పిల్లవాని ముఖం మీద ఉండవు. ఆ మరుగు వానికి చాలు. ఇది నత్తికి మందు అని మేము అనము. నత్తి ఎక్కువగా ఉంటే మాట నేర్పే నిపుణులకు చూపించాలి. కాని ఆ క్రిస్మసుకు కప్ప లేచి నిలబడి మూడు మాటలు చెప్పింది. వాని తల్లి వెనుక వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది.

ఇంకొక అమ్మాయి తల్లి కువైటులో ఇంటి పనికి వెళ్ళింది. మన కడప, గోదావరి ప్రాంతాలలో ఇటువంటి ఇండ్లు ఎన్నో ఉన్నాయి. డబ్బు వస్తుంది, ఇల్లు లేస్తుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. ఈ అమ్మాయి ఏ రోజూ తల్లి కోసం ఏడవలేదు. గట్టి పిల్ల అని అందరూ మెచ్చుకొనేవారు. ఆమె రెండు పిచ్చుకలు చేసింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. "గూడు పెద్దది కడుతున్నాను, ఇంకో రెండేళ్ళు" అన్నది పెద్ద పిచ్చుక. "నాకు చిన్న గూడు చాలు" అన్నది చిన్న పిచ్చుక. ఆ మాట ప్రక్కన కూర్చొని వత్తులు చేస్తున్న అమ్మమ్మ చెవిన పడింది. ఆమె పనిచేస్తున్న చేతులు ఆగిపోయాయి. మనవరాలిని ఏమీ అడగలేదు. చిన్న పిచ్చుక ఒంటిమీద చేయి వేసి, "రావే తల్లీ, అప్పటిదాకా నా చెట్టుమీద ఉండు" అన్నది. పిల్ల అప్పుడు ఏడ్చింది. తల్లి వెంటనే తిరిగి రాలేదు, అప్పు తీరాలి కదా. అయితే ఆ వారం నుండి ఆదివారం సాయంత్రం ఫోను మాటలలో, బడి సంగతులు, డబ్బు సంగతులు అయిన తరువాత, రెండు పిచ్చుకలు కూడా మాట్లాడుకోసాగాయి. తల్లి అక్కడ పని చేసే ఇంటిలో ఒక మేజోడు అడిగి తీసుకొన్నదట.

పిల్లల మనసు ఎరిగిన వైద్యులు కూడా బొమ్మలను, ఆటవస్తువులను ముందు పెట్టి పిల్లలతో మాట్లాడతారు. పిల్లలు భయాన్ని 'నాకు భయం' అని చెప్పటానికి ముందు 'కుందేలుకు భయం' అని చెప్పగలరు. తోలుబొమ్మలాటలో కేతిగాడికి ఊరివారు ఇచ్చిన స్వేచ్ఛనే మనం ఇంటిలో పిల్లల బొమ్మకు ఇవ్వాలి.

పెద్దలకు నాలుగు మాటలు

బొమ్మ చెప్పిన మాటకు బొమ్మతోనే జవాబు చెప్పండి. "ఓహో, అది నీ సంగతేనా?" అని పిల్లవానిని పట్టుకొంటే తలుపు మూసుకుపోతుంది. అలాగని బొమ్మ చెప్పిన ప్రతి మాటా నిజంగా జరిగినదే అనుకోవద్దు. పిల్లలు ఆటలో పులిని చంపుతారు, చంద్రుని తింటారు. ఒకే భయం, ఒకే మనిషి, ఒకే చోటు మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు జాగ్రత్తగా గమనించండి.

విన్న మాటను పదిమందిలో చెప్పి నవ్వవద్దు. "మా వాని కోతి ఏమన్నదో తెలుసా వదినా" అని పిల్లవాని ముందే చెబితే, ఆ కోతి మళ్ళీ నోరు విప్పదు.

బొమ్మ ద్వారా బెదిరించవద్దు. "అన్నం తినకపోతే పాము వస్తుంది" అని అదే బొమ్మతో అన్నామంటే దానిమీద ఉన్న నమ్మకం పోతుంది.

ఎవరో కొట్టారని, ముట్టకూడని చోట ముట్టారని, ఎవరికీ చెప్పవద్దని బెదిరించారని బొమ్మ నోట వస్తే, అది అతి ముఖ్యమైన సమయం. ముఖం మార్చకండి. గుచ్చి గుచ్చి అడగకండి, మాటలు మీరు అందించకండి. పిల్ల చెప్పినంత వినండి. "నీవు చెప్పటం మంచిదయింది, నీ తప్పు ఏమీ లేదు" అనండి. ఆ తరువాత ఆలస్యం చేయకండి. పిల్లల సహాయానికి 1098 అనే నంబరు ఉన్నది. ఏ ఫోను నుండి అయినా డబ్బు లేకుండా, రాత్రి పగలు ఎప్పుడైనా మాట్లాడవచ్చును. పిల్లలను అటువంటి హాని నుండి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని ప్రకారం సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయటం తప్పనిసరి. చేసినవాడు బంధువు అయినా, సంఘంలో పెద్ద అయినా సరే. పరువు పేరు చెప్పి పిల్ల నోరు మూయటం ఆ పిల్లకు రెండవసారి చేసే అన్యాయం.

ఇంటిల్లిపాది కలిసి

ఈ పని తల్లులదే అనుకోవద్దని తండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాము. పొలం నుండి వచ్చి కాళ్ళు కడుక్కొన్న తండ్రి పది నిమిషాలు ఎద్దు తాత అయితే, పిల్లలు ఆ పది నిమిషాలకోసం రోజంతా ఎదురుచూస్తారు. సూది పట్టిన తండ్రిని చూసిన మగపిల్లవాడు రేపు తన చొక్కా గుండీ తానే కుట్టుకుంటాడు. తాతలకు, నాయనమ్మలకు కథలు కొదువ లేదు. పండ్లు లేని నోటితో వారు పలికే ముసలి నక్క గొంతు ఏ నటునికీ రాదు. వినికిడి లేని బిడ్డ ఉన్న ఇంటిలో మాటలు లేకుండా సైగలతోనే ఆడించండి. మేజోడు తల ఊపి, సిగ్గుపడి, అలిగి, అటు తిరిగి కూర్చోగలదు.

ఇప్పుడు ప్రతి ఇంటిలో సెల్‌ఫోను ఉన్నది. అన్నం తినటానికి ఫోను, ఏడుపు ఆపటానికి ఫోను. ఫోనులోని బొమ్మలు పిల్లలకు ఎన్నో చెబుతాయి, కాని పిల్లలు చెప్పేది అవి వినవు. మేజోడు బొమ్మ వింటుంది, ఎందుకంటే దానిలో మన చేయి ఉన్నది.

రాబోయే శనివారం మధ్యాహ్నం పెట్టె అడుగు వెదకండి. ఒంటి మేజోళ్ళన్నీ తీసి చాపమీద పోయండి. పిల్లలను, ప్రక్కింటి పిల్లలను కూడా పిలవండి. మీ బొమ్మ ఒకటి మీరు కూడా చేసుకోండి. ముందుగా మీ బొమ్మ వారి బొమ్మకు తన పేరు చెప్పి, "నీ పేరేమిటి?" అని అడగాలి. అడిగిన తరువాత నోరు మూసి, వారివైపు తిరిగి, జవాబు వచ్చేదాకా అలాగే ఉండాలి.